తిరిగి వస్తుందన్న పూచీ

భర్తనూ బిడ్డనూ ఇంట్లో వదిలి దూరదేశం వెళ్లిన ఆడది తప్పకుండా తిరిగి వస్తుందని ఒక నమ్మకం ఉంది. వీసాలు ఇచ్చే అధికారులకు ఉంది, వీసాలు ఇప్పిస్తామని బోర్డులు కట్టినవాళ్లకు ఉంది, అత్తలకు ఉంది, అమ్మలకూ ఉంది. మగవాడి విషయంలో ఇంత గట్టి నమ్మకం ఎవరికీ లేదు. అతను తిరిగి రావాలంటే ఇక్కడ ఏదో ఒకటి కట్టేసి ఉంచాలంటారు, మామూలుగా భార్యను. ఈ నమ్మకాన్ని ఎవరైనా పరీక్షించి చూశారా అంటే, లేదు. పరీక్షకు నిలబెట్టనంత కాలం ఏ నమ్మకమైనా బలంగానే ఉంటుంది.

కన్సల్టెంటు ఆమె కాగితాలు తిరగేసి, "ఇంత బలమైన ఫైలు ఈ ఏడాది నా చేతికి రాలేదు మేడమ్" అన్నాడు. తన మార్కులు చూసి అంటున్నాడేమో అనుకుంది ఆమె. లేదా నగర నీటి సరఫరా లేబొరేటరీలో పద్దెనిమిదేళ్లుగా నీళ్లు పరీక్షిస్తున్న అనుభవం చూసి. అతను తల అడ్డంగా ఊపాడు. "మార్కులదేముంది, అందరికీ ఉంటాయి. మీకు సారున్నారు, పాపుంది, అత్తగారున్నారు, సొంత ఫ్లాటుంది. వీళ్లందరినీ వదిలి అక్కడ ఉండిపొమ్మన్నా ఉంటారా మీరు? ఆఫీసరుకి కావలసిందదే. పెళ్లికాని కుర్రాళ్లకి ఇవన్నీ నేనెక్కణ్ణించి తేను చెప్పండి?" ఆ వృత్తిలో వీటిని బంధాలంటారు. ఎన్ని బంధాలుంటే ఫైలుకు అంత బలం. నలభై రెండేళ్ల వయసులో, తన జీవితంలో తనను ఎక్కడికీ కదలనివ్వనివన్నీ ఒక కాగితం మీద యోగ్యతలుగా మారడం ఆమెకు వింతగా తోచింది. ఇదే లెక్క ప్రకారం బావిలో పడినవాడికి బావి ఒక ఆస్తి.

విశ్వవిద్యాలయం సీటు ఇచ్చింది. తాగునీటి శాస్త్రంలో రెండేళ్ల చదువు. ఫీజులో సగం మాఫీ చేసింది. మిగతా సగానికి ఆమె భవిష్యనిధి సరిపోతుంది. తేలవలసింది అక్కడి తిండి, గది, బస్సు ఖర్చు. దానికి ఎవరో ఒకరు పూచీ పడాలి, పడ్డట్టు బ్యాంకులో డబ్బు చూపించాలి. "అదేం పెద్ద సంగతి, నేను లేనూ?" అన్నాడు భర్త. నలుగురి ముందూ అన్నాడు. ఆడపడుచు ఫోన్లో విని, "మా అన్నయ్య లాంటి మొగుడు ఊరికొకడుంటే చాలు" అంది. ఆమె కూడా ఆ క్షణంలో అలాగే అనుకుంది. అనుకోవడంలో ఆమె తప్పేమీ లేదు. వరస ప్రకారం ఇది ఆమె వంతు.

వంతు సంగతి చెప్పాలి. పద్నాలుగేళ్ల కిందట ఇద్దరికీ ఒకే ఏడాది సీట్లు వచ్చాయి, రెండు వేర్వేరు ఊళ్లలో. ఇద్దరికీ సరిపడే డబ్బు లేదు. "ముందు నేను, తర్వాత నువ్వు" అన్నాడు అతను. ఎందుకు అలా, అటునుంచి ఎందుకు కాకూడదు అని ఎవరూ అడగలేదు, ఆమెతో సహా. ఆమె జీతం మీద అప్పు తీసుకున్నారు. అప్పటికి ఆమెకు అయిదో నెల. అప్పటి కన్సల్టెంటు ఎవరో తెలివైనవాడు. ఆవిణ్ణి కూర్చోబెట్టి, పక్కనుంచి, కడుపు కనిపించేలా ఫొటో తీయించి ఫైలులో పెట్టించాడు. భర్తకు వీసా వచ్చింది. ఆ తర్వాత ఎన్నో విందుల్లో, ఎన్నో పెళ్లిళ్లలో అతను ఆ కథ చెప్పాడు. "నా మార్కులు చూసి కాదండీ, మా ఆవిడ పొట్ట చూసి ఇచ్చారు. మా ఆవిడే నా వీసా!" అందరూ నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది, ప్లేట్లు తీస్తూ. రెండేళ్లకు వెళ్లినవాడు మూడేళ్లున్నాడు. మూడో ఏడు అక్కడ ఉద్యోగం కోసం తిరిగాడు. దొరకలేదు, వచ్చేశాడు. రెండున్నరేళ్ల కూతురు అతన్ని చూసి తలుపు చాటుకు పోయింది. చుట్టాలు మాత్రం, భార్యాబిడ్డల మీది మమకారం లాక్కొచ్చిందన్నారు. కారణం ఒకటి, ప్రచారం ఇంకొకటి. లేబొరేటరీలో అయితే అలాంటి రిపోర్టును ఆమె వెనక్కి పంపేది. ఇంట్లో ఆ సౌకర్యం లేదు.

ఇక లేబొరేటరీ. అక్కడ ఆమెను పెద్ద మేడమ్ అంటారు. పంపుహౌస్ దగ్గర పట్టిన నీళ్లు ఎప్పుడూ బాగుంటాయి. రిపోర్టు వాటి మీదే వెళ్తుంది. ఊరి చివరి వీధుల కుళాయిల్లోకి వచ్చేసరికి అవే నీళ్లు మారిపోతున్నాయి. దారిలో ఎక్కడ, ఎందుకు అన్నది తేల్చాలని ఆమె నాలుగేళ్లుగా, సెలవు రోజుల్లో, సొంత బస్సు ఖర్చుతో సీసాలు పట్టుకుని తిరిగింది. కొంత తేలింది, కొంత తేలలేదు. తేలనిదానికి కావలసిన పద్ధతులు ఆమె చదువులో లేవు. తేలినదాన్ని పై అధికారి ఒక సదస్సులో తన పేరున చదివాడు. అతను ఒకప్పుడు ఆమె దగ్గర సీసా పట్టుకోవడం నేర్చుకున్నవాడే, మధ్యలో విదేశీ డిగ్రీ తెచ్చుకున్నాడు. దుర్మార్గుడు కాదు. "మేడమ్, మీ పేరు పెడదామనే అనుకున్నాను. క్వాలిఫికేషన్ అని ఒక గడి ఉంది, అందులో ఏం రాయను?" అన్నాడు నొచ్చుకుంటూ. ఎవరైనా చూడటానికి వస్తే ఆమె భుజం దగ్గర చెయ్యి గాల్లో ఆపి, "వీరు మా లాబుకి అమ్మలాంటివారు" అని పరిచయం చేసేవాడు. అమ్మ అన్న తర్వాత ఇంక జీతం గురించి, పేరు గురించి ఎవరడుగుతారు? పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెత ఆమెకు తెలుసు. చెట్టు సముద్రం దాటి వస్తే పనికొస్తుందన్న రెండో సగం అతన్ని చూశాక తెలిసింది. ఆ డిగ్రీ గొప్పదని ఆమెకు భ్రమ లేదు. కానీ ఆ గడి నిండితే గాని ఊరి చివరి నీళ్ల గురించి ఎవరూ వినరు. అందుకు వెళ్లాలనుకుంది. దాంతోపాటు ఇంకొకటి కూడా ఉంది, అది ఆమె ఎవరికీ చెప్పలేదు: ఒక గదిలో కూర్చుని ఎవరో పాఠం చెబుతుంటే వినాలని, వింటున్నంతసేపూ తనను ఎవరూ పిలవకూడదని కోరిక.

ఇంటర్వ్యూకు సాధన ఆదివారం భోజనాలయ్యాక, డైనింగ్ టేబుల్ దగ్గర మొదలైంది. ఏర్పాటు భర్తదే. ఒకసారి వీసా ఆఫీసు కిటికీ ముందు నిలబడి వచ్చినవాడు కనుక అధికారి వేషం అతనిది. కళ్లజోడు ముక్కు మీదికి దించుకుని, ముందున్న నీళ్ల జగ్గు పక్కకు జరిపి, గొంతు మార్చాడు. అత్తగారు సోఫాలో కాళ్లు చాపుకుని ప్రేక్షకురాలు. ఇంట్లో అందరూ పిచ్చుక అని పిలిచే కూతురు గోడకు చేరగిలబడి నవ్వడానికి సిద్ధంగా ఉంది. ఆమె ఉతికిన బట్టలు మడతపెడుతూ కూర్చుంది.

"ఆఫీసరు ముందు బట్టలు మడతపెడతావా?" అన్నాడు భర్త.

"అక్కడ బట్టలుండవు కదండీ. ఇక్కడ ఉన్నాయి. మీరడగండి."

"చదువైపోయాక తిరిగి ఎందుకు వస్తారు?"

"నా ఉద్యోగం రెండేళ్లు అట్టే పెడతామన్నారు. పని కూడా సగంలో ఉంది—"

"ఆగాగు. ఉద్యోగమట! ఉద్యోగం అక్కడా దొరుకుతుందంటాడు వాడు. నా భర్త, నా బిడ్డ, నా ఇల్లు అను. వరసగా అను. గొంతులో కొంచెం తడి ఉండాలి."

"నా మోకాళ్లు కూడా చెప్పించరా" అంది అత్తగారు సోఫాలోంచి. "ముసలిదుంది, మెట్లు దిగలేదు, చెయ్యందించేవాళ్లు లేరు అంటే వాళ్లకీ జాలుంటుంది."

"నానమ్మా, నీ మోకాళ్లకి ఏ దేశం వీసా ఇస్తుంది?" అంది పిచ్చుక.

"నోర్ముయ్యవే. నీ జడ సంగతి చెప్పమను. పద్నాలుగేళ్లొచ్చినా జడ వేసుకోవడం చేతకాదని."

"మందుల డబ్బా సంగతి కూడా" అన్నాడు భర్త ఉత్సాహంగా. "ఇంట్లో ఎవరికే పూట ఏ మాత్రో ఆవిడకే తెలుసు. గ్యాసెప్పుడు బుక్ చెయ్యాలో, పన్నెప్పుడు కట్టాలో, ఆ మోటారు ఎలా కొడితే తిరుగుతుందో. ఇవన్నీ బంధాలే! రాసుకో, మంచి పాయింట్లు."

అందరూ ఒక్కొక్కటి అందించారు. ఎవరూ ఎగతాళికి అనలేదు. ఆమె అవసరం తమకెంతో చెప్పుకోవడం ప్రేమ కిందే లెక్క అనుకున్నారు. ఆమె మడతపెడుతూ విన్నది. తాను తిరిగి రావడానికి చెబుతున్న కారణాల్లో ఒక్కటీ జీతం ఇచ్చి మనిషిని పెట్టుకుంటే తీరనిది కాదని గమనించింది. గమనించి ఊరుకుంది. నీళ్లలో ఏముందో ఒక్క సీసాతో తేల్చకూడదన్నది ఆమె వృత్తి నేర్పిన మొదటి నీతి.

మూడో ఆదివారం భర్త కొత్త ప్రశ్నలు తెచ్చాడు. వేషం అతనికి బాగా అలవడింది. "మీకు అక్కడ స్నేహితులున్నారా? లేరా? ఒక్కరూ లేరా? పెళ్లయి ఎన్నేళ్లయింది? భర్తతో సఖ్యంగా ఉన్నారా? అయితే అంత సఖ్యంగా ఉన్నవారు రెండేళ్లు వదిలి ఎలా వెళ్తున్నారు?" అంటూ ఆపకుండా వేశాడు. ఆమె అన్నిటికీ జవాబు చెప్పింది. ఆ రోజు బట్టలు కూడా లేవు. చేతులు రెండూ టేబుల్ మీద పెట్టుకుని, నిటారుగా కూర్చుని, తడుముకోకుండా చెప్పింది. బాగా చెబుతున్నానని తనకే తెలిసింది. గొంతు లేబొరేటరీలోని గొంతు. చాలా ఏళ్లుగా ఆ ఇంట్లో ఎవరూ వినని గొంతు. పిచ్చుక నవ్వడం మానేసి చూస్తోంది. అతను కాసేపు ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత అరచేత్తో టేబుల్ మీద గట్టిగా చరిచాడు, ముద్ర కొట్టినట్టు.

"రిజెక్టెడ్."

"అదేంటి? తప్పేం చెప్పాను?"

"తప్పేం లేదు. నువ్వు తిరిగి వస్తావని నాకు నమ్మకం కుదరలేదు."

కళ్లజోడు అప్పటికే తీసేశాడు. అన్నది అధికారి గొంతుతో కాదు. మరుక్షణం అతను నవ్వి, "బాగా ప్రాక్టీసయితే మంచిదే కదా" అన్నాడు. జగ్గు యథాస్థానానికి జరిపి లేచి వెళ్లాడు.

ఆ వారం ఏమీ జరగలేదు. జరగకపోవడమే జరిగింది. పూచీ కాగితం మీద సంతకం పెట్టడానికి బ్యాంకుకు వెళ్లాల్సిన రోజున అతనికి మీటింగు వచ్చింది. రెండోసారి తలనొప్పి. "తొందరేముంది? ఒకసారి రిజెక్టయితే ఫైలు చెడిపోతుంది. వచ్చే ఏడాది చూద్దాం. పిచ్చుకకి పదో తరగతి కూడా." వచ్చే ఏడాది అన్న మాటకు ఆ ఇంట్లో పద్నాలుగేళ్ల వయసు. సీటు ఖాయం చేసుకోవడానికి నెల రోజులే గడువుందని ఆమె చెప్పింది. అరిచి చెప్పలేదు. పెరుగు తోడుపెడుతూ చెప్పింది.

అసలు సంగతి అత్తగారి నోటి నుంచి వచ్చింది. కొడుకు పక్కనే కూర్చుని గోళ్లు తీసుకుంటున్నాడు. ముందు చాలాసేపు ఆమె ఒంటి తీరు గురించి, చిక్కిపోయిందని మాట్లాడి, తర్వాత అంది:

"అమ్మాయీ, నీ మీద నమ్మకం లేక కాదు. నమ్మకం వేరు, జాగ్రత్త వేరు. ఈ ఫ్లాటు మీ ఇద్దరి పేరునా ఉంది కదా. వెళ్లేముందు నీ సగం పిల్ల పేరున పెట్టెయ్యి. పిల్ల మేజరయ్యేదాకా వాడు చూసుకుంటాడు. నువ్వు వచ్చాక మళ్లీ అంతా నీదే. ఎక్కడికి పోతుంది?"

"నేను వస్తాను కదా అత్తయ్యా. వస్తే ఇదెందుకు?"

"రావని ఎవరన్నారు? ఊరికే ఒక పూచీ."

"అవునోయ్, ఊరికే" అన్నాడు భర్త గోళ్ల మీంచి తలెత్తకుండా. "అది కాగానే బ్యాంకు పని ఒక్క పూటలో చేసేస్తాను."

ఆమె లేచి స్టవ్ తగ్గించడానికి వెళ్లింది. వంటగదిలో నిలబడ్డ ఆ కొద్దిసేపట్లో ఆమెకు కోపం రాలేదు. వచ్చింది కోపమైతే బాగుండేదని తర్వాత అనుకుంది. వచ్చింది ఒక స్పష్టత, బురదనీళ్లు తేరుకున్నాక అడుగు కనిపించినట్టు. భార్య తప్పక తిరిగి వస్తుందని పదిమంది దగ్గర చెప్పుకున్నవాళ్లే, ఆ మాట మీద తమ పైసా పెట్టాల్సి వచ్చేసరికి వెనక్కి తగ్గారు. అధికారిని నమ్మమంటున్నదాన్ని తాము నమ్మడం లేదు. పద్నాలుగేళ్ల కిందట అతను వెళ్లేటప్పుడు ఎవరూ అతన్ని ఏదీ రాసిమ్మనలేదు. ఎందుకంటే పూచీగా ఆమె ఇక్కడ ఉంది, కడుపుతో సహా. ఇప్పుడు ఆమె వెళ్తుంటే అతను ఇక్కడ ఉన్నాడు కదా, మరి అతను చాలడా? చాలడని వాళ్లకే తెలుసు. అతని కోసం ఆమె వస్తుందన్న నమ్మకం అతనికే లేదు. ఆ ముక్క అతని నోటితోనే వచ్చింది, టేబుల్ చరిచి మరీ. ఇన్నేళ్లలో తన గురించి ఆ ఇంట్లో ఎవరైనా నిజాయితీగా ఇచ్చిన రిపోర్టు అదొక్కటే అనిపించింది. ఆమె వస్తుందా, రాదా? ఆ ప్రశ్న తనను తాను ఎప్పుడూ వేసుకోలేదు. వేసుకుని చూసింది. ఊరికి వస్తాను అన్న జవాబు తడబడకుండా వచ్చింది. లేబొరేటరీకి, పిచ్చుకకి, ఆ చివరి వీధుల కుళాయిలకి. ఈ ఇంటికి వస్తావా అన్నదానికి జవాబు ఎంతసేపు చూసినా రాలేదు. పాలు పొంగుతుంటే స్టవ్ పూర్తిగా ఆపి హాల్లోకి వచ్చింది.

"నా సగం ఎవరికీ రాసివ్వను. మీరే కొనుక్కోండి."

"ఏంటీ?" అన్నాడు భర్త.

"నా సగం మీరు కొనుక్కోండి. ఆ డబ్బుతో నేను చదువుకుంటాను. మీరు పూచీ పడక్కర్లేదు. బ్యాంకుకి రావక్కర్లేదు. మీ మీటింగులు చెడవు."

అతను నవ్వబోయాడు. ఆమె ముఖం చూసి మానేశాడు. "మొగుడికి ఇల్లమ్ముతావా? ఎవరైనా వింటే నవ్వుతారు."

"మీరు చెప్పే కథలకి నవ్వారుగా, దీనికీ నవ్వుతారు."

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అంది అత్తగారు. అని, గొంతు తగ్గించి, "ఎంతకిస్తుందో అడగరా ముందు" అంది. ఆవిడ కాలం చూసిన మనిషి. కోడలి సగం బయటివాడికి పోతే బయటివాడు వచ్చి హాల్లో కూర్చుంటాడన్న భయం ఆవిడకు వెంటనే కలిగింది. కొడుకు సొంతమైతే ఇల్లు మొత్తం తమదవుతుందన్న ఆశ దాని వెనకే వచ్చింది.

బేరం వారం నడిచింది. దాంపత్యంలో వాళ్లిద్దరూ అంత ఎడతెగకుండా మాట్లాడుకున్న వారం ఇంకొకటి లేదు. "మనలో మనకి మార్కెట్ రేటేంటోయ్" అన్నాడు అతను. "మనలో మనకి పూచీ ఏంటండీ" అంది ఆమె. రేటు కట్టేవాణ్ణి ఆమే పిలిపించింది. ఆ మనిషి వచ్చి గదులు కొలిచాడు, గోడలు తట్టి చూశాడు, వంటగది చాలా శుభ్రంగా ఉందని మెచ్చుకున్నాడు, దానికి విడిగా రేటు కట్టలేదు. భర్త అప్పు తీసుకుని కొన్నాడు. రిజిస్ట్రారు ఆఫీసులో ఒకే బెంచీ మీద కూర్చున్నారు. అమ్మేవారు, కొనేవారు ఎవరని గుమాస్తా అడిగి, విని, ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "ఏమైనా విడాకులాండీ?" అని ఆరా తీశాడు. "కాదు, చదువు" అంది ఆమె.

ఆ పత్రం చూసి కన్సల్టెంటు తల పట్టుకున్నాడు. "ఎంత పని చేశారు మేడమ్! మీ ఫైలుకి ప్రాణమే సొంతిల్లు. కూర్చున్న కొమ్మనే నరుక్కున్నారు. ఇల్లు అమ్ముకుని వెళ్లేవాళ్లని వాళ్లేమంటారో తెలుసా? తిరిగిరాని బాపతంటారు. పోనీ, పూచీదారు సారేనని పెట్టి, ఈ అమ్మకం చెప్పకుండా ఉందాం."

"డబ్బెక్కడిదంటే ఏం చెప్పను?"

"సార్ ఇచ్చారనండి. ఇచ్చింది సారే కదా, అబద్ధం కూడా కాదు."

"ఇవ్వలేదు. కొన్నారు."

"రెంటికీ తేడా ఏముంది మేడమ్?" అన్నాడతను నిజంగా అర్థంకాక. ఆమె వివరించే ప్రయత్నం చేయలేదు. ఫీజు చెల్లించి కాగితాలు తీసుకుంది.

అన్నిటిలోకీ కష్టమైన మాట కూతురితో జరిగింది, ఒక సాయంత్రం, మేడ మీద బట్టలు తీస్తున్నప్పుడు. ఆమె ఏ సాధనా లేకుండా ఆ మాటకు నిలబడాల్సి వచ్చింది. రెండేళ్లు. ఆ రెండేళ్లలో పిల్ల ఎత్తు మారిపోతుంది, గొంతు మారిపోతుంది, తల్లికి చెప్పే మాటలు మారిపోతాయి. తాను తొలి మూడేళ్లు తండ్రి లేకుండా పెంచిన పిల్ల ఇది. ఆ మూడేళ్లకు అతన్ని ఎవరూ తప్పుపట్టలేదు కదా అని తనకు తాను చెప్పుకుంది. చెప్పుకున్నంత మాత్రాన బరువు తగ్గలేదు. తర్కం సరైనదైనా గుండెకు అందడానికి సమయం పడుతుంది.

"ఇంటర్వ్యూలో నా పేరు చెప్తావామ్మా? నా కోసం తిరిగొస్తానని?"

"చెప్పమంటావా?"

పిచ్చుక దుప్పటి అంచు రెండు చేతులా పట్టుకుని ఆలోచించింది. "నేనున్నానని చెప్పు. కానీ నేనొక్కదాన్నే కారణమని చెప్పకు. అప్పుడు నాకు జ్వరమొచ్చినా నీకు చెప్పలేను. నా వల్ల చదువు మానేసి వచ్చేస్తావేమోనని."

ఆమె దుప్పటి రెండో అంచు పట్టుకుంది. ఇద్దరూ దగ్గరికి నడిచి మడత వేశారు.

"జ్వరమొస్తే చెప్పాలి" అంది ఆమె. "నేను రాను. కానీ చెప్పాలి."

"సరే" అంది పిచ్చుక. మడతపెట్టిన దుప్పటి అందుకుని, "జడ నాకు వేసుకోవడం వచ్చు. నువ్వు వేస్తే బావుంటుందని చెప్పలేదంతే" అంది.

ఇంటర్వ్యూ గది పొడుగ్గా, చల్లగా ఉంది. వరసలో ఆమె ముందున్నవాళ్లంతా ఆమె కూతురి కంటే నాలుగైదేళ్లు పెద్దవాళ్లు. పెదాలు కదుపుతూ జవాబులు వల్లె వేసుకుంటున్నారు. గాజుపలక వెనక అధికారి కాగితాలు తిప్పుతూ, తలెత్తకుండా అడిగాడు.

"చదువుకు డబ్బెవరు పెడుతున్నారు?"

"నేనే."

"ఇది ఇంటి వాటా అమ్మిన డబ్బు. ఎవరికి అమ్మారు?"

"నా భర్తకి."

అప్పుడు తలెత్తాడు. "ఇక్కడ మీకిప్పుడు ఇల్లు లేదన్నమాట. మరి దేనికోసం తిరిగి వస్తారు?"

మూడు ఆదివారాల జవాబులన్నీ ఆమె నాలుక చివర ఉన్నాయి. గొంతులో తడి తెచ్చుకోవాల్సిన చోటు కూడా గుర్తుంది.

"నీళ్ల కోసం" అంది. అతను అర్థంకానట్టు చూశాడు. ఆమె చెప్పింది: పంపుహౌస్ దగ్గర బాగున్న నీళ్లు ఊరి చివరికి చేరేసరికి బాగుండటం లేదని, నాలుగేళ్లు సీసాలు పట్టుకుని తిరిగితే సగమే తేలిందని, మిగతా సగం తేల్చే పద్ధతులు ఆ విశ్వవిద్యాలయంలో నేర్పుతారని, నేర్చుకున్నాక వాటిని వాడాల్సిన కుళాయిలు ఇక్కడ ఉన్నాయని. అతను రెండు ప్రశ్నలు అడిగాడు, రెండూ నీళ్ల గురించే. తర్వాత మళ్లీ కాగితం చూసి అన్నాడు:

"మీకు పద్నాలుగేళ్ల కూతురుంది. ఆ సంగతి మీరు చెప్పలేదు."

"ఉంది. ఆమె దగ్గరికి కూడా వస్తాను. కానీ ఆమెను పూచీగా చూపించను."

అతను కొంతసేపు కంప్యూటరు మీద ఏదో కొట్టాడు. పాస్‌పోర్టు తన వైపే ఉంచుకుని, మూడు రోజుల్లో కబురు వస్తుందన్నాడు. వచ్చింది. వీసా ఇచ్చారు.

ఆమె వెళ్లింది. చదువు రెండేళ్లకు పూర్తయింది. మొదటి ఏడాది చలికాలంలో పిచ్చుకకు జ్వరం వచ్చింది, ఫోన్ చేసి చెప్పింది, తగ్గింది. ఇంట్లో వంటకు ఒక మనిషిని, పై పనులకు ఒక మనిషిని జీతాలిచ్చి పెట్టుకున్నారు. మందుల డబ్బా సంగతి భర్తకు నెలలోపే తెలిసిపోయింది. మోటారు మార్చారు.

చదువు ముగిసిన నెలలోనే ఆమె తిరిగి వచ్చింది. లేబొరేటరీలో చేరింది. పంపుహౌస్ వెనక వీధిలో రెండు గదులు అద్దెకు తీసుకుంది. ఇంటర్ చదువుతున్న పిచ్చుక పుస్తకాలు తెచ్చుకుని వాటిలో ఒక గదిలో చేరింది. అత్తగారికి ఒంట్లో బాగుండలేదని తెలిసి ఒక ఆదివారం ఆమె ఆ ఫ్లాటుకు వెళ్లింది. సోఫాలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. తాగి, అత్తగారితో కాసేపు మాట్లాడి, సాయంత్రం బస్సుకు తన గదులకు తిరిగి వచ్చింది.